ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ బెడిసికొట్టిందా? మొదటి గంటలో ఏం చేయాలి, తర్వాతిదానికి ఏం సరిచూసుకోవాలి

45 నిమిషాలన్న ఇంటర్వ్యూ 12 నిమిషాల్లో అయిపోతుంది. 'వీ విల్ గెట్ బ్యాక్ టు యూ' అనేసి అవతలివాళ్లు మీటింగ్‌లోంచి వెళ్లిపోతారు. రూమ్మేట్లు 'ఎలా అయిందిరా' అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. ఆ రాత్రే చాలామంది చేసే పని ఒకటుంది. కోడింగ్ ప్రాబ్లమ్స్ సాధన చేసే లీట్‌కోడ్ సైట్ తెరిచి, ఈసారి రెండొందల ప్రాబ్లమ్స్ చేసి తీరాలని ఒట్టు పెట్టుకుంటారు. వారం తిరిగేసరికి ఆ ఊపు పోతుంది. తర్వాతి ఇంటర్వ్యూ కూడా అక్కడే ఆగుతుంది.

ఎందుకంటే పోయింది ప్రాబ్లమ్ రాక కాకపోవచ్చు. వచ్చిన జవాబు నోట రాక కావచ్చు, రెజ్యూమెలో రాసుకున్న ప్రాజెక్టు దగ్గర తడబడి కావచ్చు, నెట్ పోయి కావచ్చు, అసలు మీ తప్పే లేకపోవచ్చు. జ్వరం ఏ రకమో చూడకుండా మందు వేసినట్టు కాకూడదంటే ముందు ఏం జరిగిందో తేల్చుకోవాలి. బీటెక్, డిగ్రీ, ఎంసీఏ చదువుతూ సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్‌ల కోసం తిరుగుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం.

మొదటి గంట: ఒక కాగితం, ఒక పెన్ను

ఇంటర్వ్యూ అయిన వెంటనే ఎవరికీ ఫోన్ చేయకండి. ముందు కాగితం తీసుకోండి. ఒకసారి స్నేహితుడికి చెప్పామంటే జరిగింది కాస్తా కథగా మారిపోతుంది. 'వాడేదో పిచ్చి ప్రశ్నలడిగాడు' అన్న మాటే మనకూ గుర్తుండిపోతుంది. అసలు ప్రశ్నలు మర్నాటికి సగం మరిచిపోతాం.

ప్రతి ప్రశ్నకూ నాలుగు ముక్కలు రాయండి. వాళ్లు అడిగింది, వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే. మీరు చెప్పిన మొదటి వాక్యం. వాళ్లు ఎక్కడ అడ్డు తగిలారు, ఏమని. ఆ తర్వాత ఏ ప్రశ్నకు మళ్లారు. ఈ నాలుగింటిలో మూడోదే బంగారం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఊరికే అడ్డు తగలరు. 'ఓకే, కెన్ యూ డూ బెటర్?' అంటే జవాబు సరైనదే, కానీ నెమ్మది అని. 'ఆర్ యూ ష్యూర్?' అంటే చాలాసార్లు అందులో ఒక తప్పుందని, లేదా మీకు ఎంత నమ్మకముందో చూస్తున్నారని. ఏమీ అనకుండా వేరే అంశానికి వెళ్లారంటే ఆ ప్రశ్న వదిలేశారని. ఈ సంకేతాలు మీటింగ్‌లో ఉన్నప్పుడు గాబరాలో పట్టుబడవు, కాగితం మీద పట్టుబడతాయి.

రాశాక ఒక్కో ప్రశ్న పక్కన ఈ నాలుగింటిలో ఒక గుర్తు పెట్టండి: తెలియదు, తెలిసీ చెప్పలేకపోయాను, రెజ్యూమెలో పట్టుబడ్డాను, వాళ్ల వైపు లోపం. ఒకే ఇంటర్వ్యూతో తొందరపడి తీర్పు చెప్పుకోకండి. మూడు ఇంటర్వ్యూల కాగితాలు పక్కపక్కన పెడితే ఏ గుర్తు ఎక్కువసార్లు పడిందో తెలుస్తుంది. మీ వారం పని దానిమీదే.

'తెలియదు' అన్నవాటికి మందు సులువు, చదవడమే. అయితే జవాబు ఒక్కటే చూసి వదిలేయకండి. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండో అత్యధిక జీతం ఎలా తెస్తావని అడిగారనుకోండి. పెద్దనుంచి చిన్నకు పేర్చి రెండో వరుస తీస్తానంటే, జీతాలు 90,000, 90,000, 75,000 ఉన్నప్పుడు మళ్లీ 90,000 వస్తుంది. ముందు డిస్టింక్ట్ పెట్టి ఒకేలా ఉన్నవాటిని ఒక్కటి చేయాలి, లేదా గరిష్ఠం కన్నా తక్కువ ఉన్నవాటిలో గరిష్ఠం తీయాలి. అందరికీ ఒకే జీతం ఉంటే ఏమవుతుందన్నది వాళ్ల తర్వాతి ప్రశ్న. డిస్టింక్ట్ పెట్టి, లిమిట్, ఆఫ్‌సెట్‌లతో రెండో వరుస తీస్తే ఒక్క వరుసా రాదు. గరిష్ఠం తీసే మ్యాక్స్ వాడితే నల్, అంటే ఖాళీ విలువ వస్తుంది. అడిగిన ప్రశ్న, దాని వెనకాల వచ్చే ప్రశ్న, రెండూ కలిపి చదివితేనే ఆ గుర్తు చెరిగినట్టు.

తెలిసీ చెప్పలేకపోతే

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఇంట్లో పది నిమిషాల్లో చేసే ప్రాబ్లమ్‌ను ఇంటర్వ్యూలో నలభై నిమిషాలిచ్చినా చేయలేకపోతారు. దీనికి కారణం భయమొక్కటే కాదు. ఇంట్లో మౌనంగా చేసే అలవాటు, అక్కడేమో పైకి మాట్లాడుతూ చేయాలి. అది వేరే పని. దాన్ని విడిగా సాధన చేయాల్సిందే.

వరుస ఒకటి అలవాటు చేసుకోండి. ప్రశ్న వినగానే దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. తర్వాత రెండు మూడు సందేహాలు అడగండి. ఆ తర్వాత మోటు పద్ధతి చెప్పి, అది ఎంత నెమ్మదో చెప్పండి. మెరుగైన దారి చెప్పి, 'ఇలా రాయమంటారా' అని అడిగి, అప్పుడే టైపు చేయడం మొదలుపెట్టండి. రాశాక 'డన్' అనకండి. చిన్న ఉదాహరణ తీసుకుని, ఒక్కో లైనూ చేత్తో నడిపించి చూపించండి.

దగ్గరగా చూద్దాం. ప్రశ్న ఇది: అరేలో, అంటే వరుసగా పేర్చిన అంకెల్లో, కలిపితే టార్గెట్ (వాళ్లు చెప్పిన మొత్తం) వచ్చే రెండు అంకెలు ఎక్కడున్నాయో చెప్పాలి. అరే 4, 9, 2, 7. టార్గెట్ 11. ఈ ప్రశ్న అందరూ చేసే ఉంటారు, అందుకే అందరూ వెంటనే కోడ్ మొదలుపెడతారు. ఒక్క క్షణం ఆగి అరే చూడండి. 9, 2 కలిపితే 11. 4, 7 కలిపినా 11. అంటే 'ఒక్క జతే ఉంటుందా, ఎన్ని ఉంటే అన్నీ కావాలా' అని అడగకుండా రాసిన కోడ్ దేనికి జవాబో మీకే తెలియదు. చాలాసార్లు ఇంటర్వ్యూయర్ ఆ ఉదాహరణ ఇచ్చేది మీరు ఆ ప్రశ్న అడుగుతారా లేదా చూడటానికే. అంకెలు నెగటివ్ ఉండొచ్చా, ఒకే అంకె రెండుసార్లు వాడొచ్చా, అరే ఎంత పెద్దది, ఇవి కూడా అడగాల్సినవే.

మోటు పద్ధతంటే ప్రతి జతనూ కలిపి చూడటం. లక్ష అంకెలుంటే జతలు దాదాపు 500 కోట్లు. సీ ప్లస్ ప్లస్‌లో సెకనుకు రమారమి పది కోట్ల చిన్న పనులు అవుతాయని లెక్క వేసుకుంటే 50 సెకన్లు. కోడింగ్ టెస్టుల్లో సాధారణంగా ఇచ్చే గడువు ఒకటి రెండు సెకన్లే. ఈ లెక్క నోటితో చెప్పగలిగితే, మెరుగైన పద్ధతి ఎందుకు కావాలో మీరే నిరూపించినట్టు. 'ఎన్ స్క్వేర్' (అంకెల సంఖ్యకు వర్గమంత పని) అని ఊరుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇక హ్యాష్ మ్యాప్, అంటే చూసిన అంకెలను దాచుకుని, కావాల్సింది ఉందో లేదో వెంటనే చెప్పే పట్టిక. 4 దగ్గర నిలబడి, నాకు 7 కావాలి, మ్యాప్‌లో ఉందా, లేదు, 4ను దాచుకుంటాను. 9కి 2 కావాలి, లేదు, దాచుకుంటాను. 2కి 9 కావాలి, ఉంది. 0 నుంచి లెక్కపెడితే స్థానాలు 1, 2. ఇదే పైకి చెప్పాల్సిన తీరు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, అన్ని అంకెలనూ ముందే మ్యాప్‌లో పోసేసి తర్వాత వెతకడం. అదే అరేలో టార్గెట్ 8 అయితే 4కి మరో 4 కావాలి. మ్యాప్‌లో 4 ఉంటుంది, కానీ అది అదే 4. నిజానికి ఆ అరేలో 8 వచ్చే జతే లేదు, మీ కోడ్ మాత్రం ఉందంటుంది. ముందు వెతికి తర్వాత దాచుకుంటే ఈ చిక్కు రాదు.

సాధన ఇలా. కొత్త ప్రాబ్లమ్స్ వద్దు. ఇప్పటికే చేసినవి పది తీసుకోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి, ఒక్కోదానికీ 20 నిమిషాలు, పైకి మాట్లాడుతూ చేయండి. తర్వాత వినండి. వరుసగా 30 సెకన్లకు మించి ఎక్కడ మౌనంగా ఉండిపోయారో గుర్తు పెట్టండి. మొదట్లో వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా వినాలి. పది అయ్యేసరికి ఆ మౌనాలు చిన్నవవుతాయి. ఆలోచించడానికి సమయం కావాలంటే అడగడం తప్పు కాదు. 'గివ్ మీ వన్ మినిట్ టు థింక్' అని చెప్పి నిమిషం తీసుకోవడం మర్యాద. చెప్పకుండా నిమిషం మౌనంగా ఉంటే అవతలివాళ్లకు నెట్ ఆగిందో, మీరు ఆగారో తెలియదు.

ఇంగ్లీషు గురించి ఒక మాట. తెలుగు మీడియంలో చదివినవాళ్లు తమ ఇంగ్లీషు బాగోలేకే పోయిందనుకుంటారు. కాగితాలు తిరగేస్తే తరచూ కనిపించేది వేరు. వాక్యం పొడుగైపోయి, మధ్యలో దారి తప్పి, మళ్లీ మొదటికి రావడం. చిన్న వాక్యాలు వాడండి. కర్త, క్రియ, ఫుల్‌స్టాప్. గ్రామర్ తప్పు ఒకటి దొర్లితే వెనక్కి వెళ్లి సరిదిద్దకండి, ముందుకెళ్లండి. ప్రశ్న అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపడం అన్నిటికన్నా పెద్ద నష్టం. 'కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్' అని రెండుసార్లు అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంటర్వ్యూయర్ పేరు చూసి తెలుగువాళ్లని తెలిసినా, వాళ్లు తెలుగులోకి వచ్చేదాకా మీరు రాకండి. వాళ్లే వస్తే మాత్రం హాయిగా తెలుగులో వివరించండి. టెక్నికల్ విషయం తెలుగులో చెప్పడం చిన్నతనం కాదు.

రెజ్యూమెలో ప్రాజెక్టు దగ్గర పట్టుబడితే

రెజ్యూమెలోని ప్రతి లైనూ 'ఇక్కడ అడగండి' అని మీరే వేలెత్తి చూపిన చోటు. ప్రతి లైను కింద మూడు పొరల ప్రశ్నలుంటాయి. ఏం చేశావు, ఎలా పనిచేస్తుంది, అదే ఎందుకు ఎంచుకున్నావు. ఎక్కువమంది మొదటి పొర దాటరు.

మన కాలేజీల్లో విరివిగా కనిపించే ప్రాజెక్టు, ముఖం చూసి హాజరు వేసే సిస్టమ్. దాన్నే తీసుకుందాం. 'హార్ క్యాస్కేడ్‌తో ముఖాలు గుర్తుపట్టాం' అని విద్యార్థి చెబుతాడు. అక్కడే మొదటి మెలిక. హార్ క్యాస్కేడ్ ఫొటోలో ముఖం ఎక్కడుందో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. ఎవరిదో చెప్పేది తర్వాత వాడిన ఎల్‌బీపీహెచ్ లాంటి మరో పద్ధతి. డిటెక్షన్, రికగ్నిషన్ రెండూ కలిపేస్తే ఆ కోడ్ మీరు రాయలేదని వాళ్లకు అర్థమైపోతుంది.

రెండో మెలిక. కోడ్‌లో 'కాన్ఫిడెన్స్ 50 కన్నా తక్కువైతే హాజరు వేయి' అని ఉంటుంది. ఎందుకు తక్కువ అని అడిగితే నోరు పెగలదు. ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీలో ఎల్‌బీపీహెచ్ ఇచ్చే ఆ అంకె పేరుకే కాన్ఫిడెన్స్, నిజానికి అది దూరం. తగ్గేకొద్దీ పోలిక ఎక్కువ, 0 అంటే అచ్చంగా అదే. అది శాతం కానే కాదు. ఈ ఒక్క సంగతి తెలిసి చెప్పినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య తేడా ఇంటర్వ్యూయర్‌కు ఇట్టే కనిపిస్తుంది.

మూడోది యాక్యురసీ. '92 శాతం వచ్చింది' అని రాస్తారు. తరగతిలో 60 మంది, రోజూ 55 మంది వస్తారనుకుందాం. కెమెరా కూడా లేకుండా 'అందరూ వచ్చారు' అని రాసేసే ప్రోగ్రామ్‌కు కూడా దాదాపు 92 శాతం వస్తుంది. కాబట్టి ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఎన్ని ఫొటోలతో నేర్పారు, వేరేగా పెట్టుకున్న ఎన్ని ఫొటోలతో పరీక్షించారు, రానివాళ్లకు పొరపాటున ఎన్నిసార్లు హాజరు పడింది, వెలుతురు తగ్గితే ఏమైంది. ఇవి చెప్పగలిగితేనే అంకె రెజ్యూమెలో ఉంచండి. లేకపోతే తీసేయండి. అంకె లేని నిజాయతీ లైను, నిలబడని అంకె ఉన్న లైను కన్నా ఎంతో మేలు.

నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టయితే మీ వంతు ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. 'మేం చేశాం' అంటూ పోతే 'నువ్వేం చేశావు' అన్న ప్రశ్న తప్పదు. సీనియర్ అన్న ఇచ్చిన ప్రాజెక్టునో, బయట కొన్నదాన్నో రెజ్యూమెలో పెట్టినవాళ్లకు ఒకటే మాట చెబుతాం: ఆ కోడ్‌లో ఒక భాగం తీసేసి, మళ్లీ మీ చేత్తో రాయండి. రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్లో ఎదురయ్యే ఎర్రర్లే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పడానికి మీకు దొరికే నిజమైన మాటలు.

ఇంటర్వ్యూలో పక్క స్క్రీన్‌లో ఏఐ టూల్ పెట్టుకుని జవాబులు చదివేవాళ్లూ ఉన్నారు. కళ్లు ఒక వైపే కదులుతుంటాయి, ప్రతి జవాబుకు ముందూ ఒకే విరామం ఉంటుంది. 'ఈ లైను తీసేస్తే ఏమవుతుంది' అని అడిగితే చాలు, కథ ముగుస్తుంది. దొరికిపోతే ఆ కంపెనీ మీ కాలేజీనే దూరం పెట్టవచ్చు. మీ జూనియర్ల దారి కూడా మూసినట్టవుతుంది.

నెట్, కరెంటు, హెడ్‌సెట్

ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, పోయేది మాత్రం మొత్తం ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ చేసి, చార్జర్ పెట్టే ఉంచండి. కరెంటు పోతే వైఫై రూటర్ కూడా పోతుంది, అందుకే ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కలిపి చూసి ఉంచాలి. వీడియో కాల్‌కు గంటకు దాదాపు ఒక జీబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఖర్చవుతుంది, ఆ రోజు డేటా మిగిలి ఉందో లేదో చూసుకోండి. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో పొద్దున రీల్స్ చూస్తే సాయంత్రానికి వేగం పడిపోతుంది. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌కు కాల్ వస్తే కొన్ని ఫోన్లలో డేటా ఆగుతుంది. కాబట్టి ఆ గంట అందులో కాల్స్ రాకుండా సెట్ చేసుకోండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ కలిసి ఉంటే, ఫోన్ మోగినప్పుడు అటు దూకుతాయి. వైరున్న ఇయర్‌ఫోన్స్ నమ్మకం. స్క్రీన్ షేర్ చేయమంటే మ్యాక్‌లో మొదటిసారి అనుమతి అడిగి, యాప్ మూసి తెరవమంటుంది. ఇది ఇంటర్వ్యూలో కాదు, ముందు రోజే స్నేహితుడితో మీటింగ్ పెట్టి చేసి చూడండి.

మధ్యలో లైన్ కట్టయితే కంగారు పడకుండా అదే లింకుతో వెంటనే మళ్లీ చేరండి. ఒక 'సారీ' చాలు, పదిసార్లు వద్దు. 'వేర్ వాజ్ ఐ' అనకుండా, ఆగిన చోటును మీరే గుర్తుచేసి కొనసాగించండి. రెండు నిమిషాల్లో చేరలేకపోతే ఫోన్ నుంచి మెయిల్ పెట్టండి. హెచ్‌ఆర్ నంబరు అందుకే ముందే కాగితం మీద రాసుకుని ఉండాలి.

తప్పు అవతలివాళ్లదైతే

మీటింగ్‌లో మీరొక్కరే ఉన్నారు, ఎవరూ రాలేదు. ఇది చాలామందికి జరుగుతుంది, దాన్ని అవమానంగా తీసుకోకండి. పది నిమిషాలు చూసి, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. మూడు వాక్యాలు చాలు. ఏ పోస్టుకు, ఎన్ని గంటల ఇంటర్వ్యూ అన్నది ఒకటి. ఎన్ని గంటల నుంచి మీటింగ్‌లో ఉన్నారన్నది రెండు. మరో రోజు పెట్టాలంటే మీకు వీలైన రెండు సమయాలు మూడు. ఫిర్యాదు మాట ఒక్కటీ వద్దు. మీరు చేరిన సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి మీ దగ్గర ఉంచుకోండి, అడిగితేనే పంపండి. మొత్తం అరగంట దాకా మీటింగ్‌లో ఉండి తర్వాత బయటికి రండి. ఇంటర్వ్యూ క్యాంపస్ ద్వారా వచ్చిందైతే ప్లేస్‌మెంట్ సెల్‌కు కూడా ఆ రోజే చెప్పాలి. తర్వాత 'మీ విద్యార్థే రాలేదు' అన్న మాట వస్తే మీ వైపు రుజువుంటుంది. రెండుసార్లు వాయిదా వేసేదాకా సర్దుకోవచ్చు. మూడోసారి కూడా అదే జరిగితే, అక్కడ పనిచేసేటప్పుడూ పరిస్థితి అలాగే ఉండే అవకాశముంది.

ఇంకో చిక్కు, దరఖాస్తు చేసింది వెబ్ ఫ్రంటెండ్‌కు (సైట్‌లో కంటికి కనిపించే భాగం), అడుగుతున్నది మెషీన్ లెర్నింగ్. ఇలాంటప్పుడు నాలుగైదు ప్రశ్నలు నసుగుతూ భరించాక చెప్పడం కన్నా, రెండో ప్రశ్నకే మర్యాదగా చెప్పేయడం మంచిది: 'నేను ఫ్రంటెండ్ పోస్టుకు దరఖాస్తు చేశాను సర్, ఈ అంశం కొద్దిగా తెలుసు, తెలిసినంత చెబుతాను.' ఒక్కోసారి వాళ్ల ముందున్నది వేరే అభ్యర్థి రెజ్యూమె అయి ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఇంటర్వ్యూ దారిలో పడుతుంది. పోస్టు ప్రకటనను మొదటి రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత పేజీ మాయమైపోతుంటుంది.

పెళ్లెప్పుడు, కులమేమిటి, నాన్నగారి సంపాదనెంత అని అడిగేవాళ్లూ ఇంకా ఉన్నారు. ముఖ్యంగా అమ్మాయిలను పెళ్లి గురించి అడగడం మరీ ఎక్కువ. జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. 'ఇంటర్న్‌షిప్ పూర్తి కాలం ఉంటాను, దానికి ఏ ఇబ్బందీ లేదు' అని పనికి సంబంధించిన ముక్కే చెప్పి ఆగండి. మళ్లీ మళ్లీ అడిగితే ప్రశ్న, తేదీ, సమయం రాసుకుని ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు ఇవ్వండి. తర్వాత వెళ్లే అమ్మాయికి అది రక్షణ.

ఇంటికిచ్చే అసైన్‌మెంట్లు మరో తలనొప్పి. నాలుగైదు గంటల్లో అయ్యే చిన్న పనైతే చేయండి. మూడు రోజులు పట్టే పూర్తి యాప్ అడిగితే, 'ఏ భాగం ముఖ్యంగా చూస్తారు, దాన్ని బాగా చేసి పంపుతాను' అని అడగండి. నిజమైన కంపెనీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే లోపాలు సరిదిద్దమన్నా, వాళ్ల క్లయింటుకు పేజీ చేయమన్నా అది పరీక్ష కాదు, జీతం లేని పని. పరీక్షగా చేసిన అసైన్‌మెంట్ కోడ్‌ను మీ సొంత గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే సైట్) పెట్టి లింకు మాత్రం ఇవ్వండి.

డబ్బు మాట వస్తే

ఇంటర్వ్యూ మరీ సులువుగా అయిపోయి, అరగంటలో ఆఫర్ లెటర్ వచ్చి, 'ట్రైనింగ్ ఫీజు 4,999' అంటే అక్కడితో ఆగిపోండి. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, సర్టిఫికెట్ చార్జీ, పేరేదైనా సరే. పని ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, సర్టిఫికెట్ దొరికితే చాలన్న తొందరను సొమ్ము చేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. తెలంగాణ పిల్లలకూ ఈ బెడద తక్కువేమీ కాదు. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పేరు చెప్పి కూడా వసూలుకు దిగుతారు. ఆ పథకంలో అభ్యర్థి నుంచి ఏ ఫీజూ తీసుకోరు. నెలకు 5,000 రూపాయలు అభ్యర్థికే ఇచ్చేలా దాన్ని మొదలుపెట్టారు.

కంపెనీని చూసుకోవడానికి పావుగంట చాలు. ప్రైవేట్ లిమిటెడ్ అని రాసుకుంటే సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) ఉండాలి, అది 21 అక్షరాలు, అంకెల కోడ్. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే నమోదైన తేదీ, చిరునామా కనిపిస్తాయి. జీఎస్టీ నంబరైతే 15 అక్షరాలు, జీఎస్టీ పోర్టల్‌లో చూడొచ్చు. నమోదై ఉన్నంతమాత్రాన మంచి కంపెనీ అని కాదు, లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచా? పేరున్న కంపెనీ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూ చేసిన డొమైన్ కాదు కదా? అక్షరం అక్షరం చదవండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఖాళీ చెక్కు, సంతకం చేసిన ఖాళీ బాండ్ పేపరు అసలే వద్దు. 'స్టైపెండ్ పడాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటే అది డబ్బు మీ ఖాతాలోంచి పోయే దారి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున కట్టేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోవద్దు, ఇంట్లో తిడతారని దాచవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి.

జవాబు రాకపోతే

ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లో ధన్యవాదాలు చెబుతూ మూడు నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. ఇంటర్వ్యూలో తడబడిన ప్రశ్న ఒకటుంటే, దాని సరైన జవాబు రెండు వాక్యాల్లో అందులోనే రాయవచ్చు. ఫలితం తారుమారైపోతుందని చెప్పలేం కానీ, వదిలేయకుండా వెతికి నేర్చుకున్నారన్నది కనిపిస్తుంది. ఐదు పనిదినాలు ఆగి ఒకసారి అడగండి, సబ్జెక్టులో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి. కొత్త మెయిల్ కాకుండా పాత దానికే రిప్లై ఇస్తే వాళ్లకు వెతుక్కునే పని తప్పుతుంది. మరో ఐదు రోజులకు ఆఖరిసారి. అంతటితో సరి. లింక్డ్‌ఇన్‌లో ఇంటర్వ్యూయర్‌కు రోజూ మెసేజ్ పెట్టడం వల్ల మంచి జరగదు. వేరేచోట ఆఫర్ వచ్చి గడువు దగ్గరపడితే ఆ తేదీ రాసి చెప్పండి. లేని ఆఫర్ ఉన్నట్టు మాత్రం రాయకండి.

రాలేదని తెలిశాక 'ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి' అని అడిగితే ఎవరూ రాయరు. ఒకే ప్రశ్న, ఒక్క లైనులో జవాబు చెప్పగలిగేది అడగండి: 'కోడింగ్, ప్రాజెక్టు, మాట్లాడటం, ఈ మూడింటిలో నేను ముందు ఏది సరిచేసుకోవాలి?' పదిమందిలో ఒకరిద్దరు జవాబిచ్చినా అది మీ కాగితం మీదికి వెళ్లాలి.

తర్వాతి ఇంటర్వ్యూ ముందు వారం

మొదటి రెండు రోజులు, కాగితం మీద 'తెలియదు' అని గుర్తు పెట్టినవి, వాటి వెనక ప్రశ్నలతో సహా చదవండి. తర్వాత మూడు రోజులు పైకి మాట్లాడుతూ ప్రాబ్లమ్స్, రోజుకు రెండు, రికార్డు చేసి వినడంతో కలిపి. ఆరో రోజు రెజ్యూమె స్నేహితుడి చేతికిచ్చి, ప్రతి లైనుకూ మూడు పొరలు అడగమనండి. సరిగ్గా చెప్పలేని లైను అక్కడికక్కడే కొట్టేయండి. సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఒక నిమిషం నుంచి నిమిషంన్నర, టైమర్ పెట్టి చూడండి. ఊరు, కుటుంబం ఒక్క వాక్యంలో చెప్పి, మిగతాదంతా మీరు చేసిన పని గురించే ఉండాలి.

ముందు రోజు సాయంత్రం కొత్తది ఏదీ తెరవకండి. పాత కాగితాలు ఒకసారి చదివి, మీటింగ్ లింకు, హెచ్‌ఆర్ నంబరు, పోస్టు పేరు ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. దాని కింద ఒక ఖాళీ కాగితం, పెన్ను కూడా ఉంచండి. ఇంటర్వ్యూ అవగానే మొదటి ప్రశ్న రాయడం మొదలుపెట్టాలి.